ఎర్ర గీతకు ఇవతల

ఇస్సాకు చక్రాల కుర్చీని ఒక పక్కకు వంచి, ఎడమ చక్రాన్ని అరచేత్తో తిప్పి, దానివైపు చెవి పెట్టాడు. కిర్రుమనడం లేదు. స్పిరిట్ తడిపిన గుడ్డతో చేతులు ఆనే పట్టెలను, కాళ్లు పెట్టే రేకులను తుడిచాడు. బ్రేకు వేసి, తీసి, మళ్లీ వేశాడు. ఆస్పత్రి కింది అంతస్తులో, లిఫ్టుల వెనక ఉన్న ఆ ఇరుకు గదిలో పదకొండు కుర్చీలు గోడకు ఆని ఉన్నాయి. ఏడో నంబరు కుర్చీ అతడిదని ఎక్కడా రాసి లేదు. అయినా దాన్ని మరొకరు ముట్టుకోరు. ఈ పద్నాలుగేళ్లలో కుర్చీలు రెండుసార్లు మారాయి. నంబరు మారలేదు.

అతడికి యాభై ఆరేళ్లు. పొట్టి మనిషి. తోసి తోసి భుజాలు ముందుకు వంగాయి. నడిచేటప్పుడు ఎదురుగా కుర్చీ లేకపోయినా చేతులు కొంచెం ముందుకే ఉంటాయి. అరచేతుల మొదట్లో, రబ్బరు పిడి రాసుకునే చోట, రెండు కాయలు నల్లగా మెరుస్తాయి. నీలి చొక్కా జేబులో ఒక దువ్వెన, ఆస్పత్రి ఇచ్చిన ఫోను. ఫోను మోగినప్పుడు ఎక్కడి నుంచి ఎక్కడికో తెర మీద పడుతుంది. మనిషి పేరు పడదు, గది నంబరు పడుతుంది. పేరును అతడే ఫైలు మీద చూసి చదువుకుంటాడు.

ఆ పేరు అతడికి అవసరం. లిఫ్టు తలుపు మూసుకున్న క్షణం నుంచి తెరుచుకునే క్షణం వరకు, కుర్చీలో ఉన్న మనిషి పేరును అతడు దేవుడికి చెబుతాడు. ప్రభువా, ఈమె ఫలానా, ఈమెను చూడు. అంతకు మించి ఏం అడగాలో అతడికి తెలియదు. జబ్బు పేర్లు తెలియవు. ఏది మేలో నిర్ణయించే జ్ఞానం తనకు లేదని తెలుసు. పెదవులు కదులుతాయి, గొంతు కదలదు. నాలుగో అంతస్తులో ఆపరేషన్ థియేటర్ల ముందు నేల మీద ఒక ఎర్ర గీత ఉంది. గీత దాకా అతడు తోస్తాడు. గీత అవతల ఆకుపచ్చ బట్టలవాళ్లు అందుకుంటారు. తిరుగు ప్రయాణం ఆ వేళకు ఖాళీగా ఉన్న ఏ మనిషికో పడుతుంది. కనుక తాను చెప్పిన పేర్లు ఏమయ్యాయో ఇస్సాకుకు దాదాపు ఎప్పుడూ తెలియదు. అతడు అడగడు కూడా. చెప్పడం తన వంతు, ఆ తరువాతది తన వంతు కాదు అనుకుంటాడు. దాన్నే విశ్వాసం అనుకున్నాడు.

చందానగర్ సందులో, ఒక బట్టల దుకాణం మీది అంతస్తులో, వాళ్ల క్రైస్తవ సంఘం కూడుకుంటుంది. ప్రతి ఆదివారం వాక్యానికి ముందు సాక్ష్యాలు. ఉద్యోగం వచ్చినవాళ్లు, కడుపు పండినవాళ్లు, జ్వరం తగ్గినవాళ్లు లేచి నిలబడి, అడిగినది, పొందినది చెబుతారు. ఇస్సాకు భార్య సుగుణ రెండుసార్లు లేచింది. ఇస్సాకు ఒక్కసారీ లేవలేదు. "ఇన్నేండ్లు రోగుల నడుమనే ఉన్నవు గద ఇస్సాకూ, ఒక్క సాక్ష్యం లేదా?" అని పాస్టరు అయ్యగారు ఒకసారి నవ్వుతూనే అడిగారు. అతడు తల దించుకున్నాడు. సగం తెలిసిన కథను ఎవరు వింటారు?

ఫోను మోగింది. మూడు వందల పన్నెండు నుంచి నాలుగో అంతస్తుకు.

మూడు వందల పన్నెండో గదిలో రామాంజనేయులు మంచం అంచున కూర్చుని, కాళ్లు కిందికి వేలాడేసి, అతడి కోసమే చూస్తున్నాడు. అనంతపురం డిపోలో ముప్పై ఒక్క ఏళ్లు బస్సు నడిపిన మనిషి. సీటు పక్కనే ఇంజను మోగే పాత బళ్లు అతడి చెవులు రెండూ తినేశాయి. చెవి మిషన్లు లేకపోతే తలుపు దబదబా కొట్టినా వినపడదు. పేగులో గడ్డ. రెండు నెలల కిందట, పుప్పాలగూడలో కొడుకు దినేష్ ఇంటి నుంచి వచ్చి, ఇరవై ఎనిమిది రోజులు బేస్‌మెంట్‌లో కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకున్నాడు. ఇరవై ఎనిమిది రోజులూ ఇస్సాకే తోశాడు. మరొకరు వస్తే ముసలాయన కుర్చీ ఎక్కేవాడు కాదు.

"వచ్చినాడు చూడు మా డ్రైవరు," అన్నాడు భార్యతో. "ఏమప్పా, బండి కండిషన్లో ఉందా? పోయినసారి మలుపులో నన్ను గోడకు కొడితివి."

"గోడకు కాదు పెద్దసారూ, తలుపుకు. అది గూడ మీరు కాలు బయట పెట్టినందుకు."

"తప్పు ప్రయాణికునిదే. మా డిపోలోనూ ఇట్లనే రాసేటోళ్లం."

"పొద్దున్నుంచి గుక్కెడు నీళ్లు తాగల్యా. నోరు మాత్రం ఆగదు," అంది రత్నమ్మ, ఆస్పత్రి గౌను వెనక ముడి బిగిస్తూ. ముడి రెండుసార్లు జారింది.

ఇస్సాకు ఆయన చంకల కింద చేతులు వేసి లేపి, కుర్చీలో కూర్చోబెట్టి, పాదాలను ఒక్కొక్కటిగా రేకుల మీద పెట్టాడు. పాదాలు చల్లగా ఉన్నాయి. దుప్పటి కప్పబోతే ముసలాయన అతడి మణికట్టు పట్టుకున్నాడు.

"ఒక మాట అడుగుతా. లిఫ్టులో అద్దం ఉంది గదా. ఇరవై ఎనిమిది రోజులు చూసినా. తలుపు మూసుకుంటానే నీ నోరు ఆడతాది. నా గురించేనా?"

ఇస్సాకు తల ఊపాడు. "అవు సార్."

"ఎవరితో చెప్తాండావు?"

"దేవునితోని."

"నా గురించి నాకు తెలీకుండా మాట్లాడేది మర్యాదేనా?" ముసలాయన కళ్లలో నవ్వు ఉంది. చెయ్యి మాత్రం మణికట్టును వదల్లేదు. "ఈ పొద్దు గట్టిగా చెప్పు. మిషన్లు పెట్టుకునే ఉంటా. లోపలికి పోయే ముందర ఒకసారి వినాల. బాగుంటే నేనూ ఊఁ అంటా."

"ఏ దేవునికైతే ఏముంది నాయనా, మంచి మాటే గదా," అంది రత్నమ్మ.

"చెప్త సార్," అన్నాడు ఇస్సాకు.

అన్న తరువాత ఆ కాగితం గుర్తొచ్చింది. పోయిన వానాకాలం, రెండో అంతస్తులో ఒకామె అడిగితే చెయ్యి పట్టుకుని బయటికే ప్రార్థన చేశాడు. ఆమె తమ్ముడు ఫిర్యాదు చేశాడు. రోగుల దగ్గర మతానికి సంబంధించిన మాటేదీ మాట్లాడనని రాసిన కాగితం మీద ఇస్సాకు సంతకం పెట్టాడు. "ఇంకోసారి అయితే నా చేతుల ఉండది అన్నా," అని సూపర్‌వైజర్ ప్రవీణ్ మెల్లగానే చెప్పాడు. అతడు చెడ్డవాడు కాదు. అతడి మీద కూడా ఎవరో ఉన్నారు.

రత్నమ్మ సామాను సర్దుకుంటూ గదిలోనే ఉండిపోయింది. నడవాలో ఎవరూ లేరు. ఇక్కడే చెప్పేయవచ్చు. కానీ ఇస్సాకుకు ప్రార్థన చోటు లిఫ్టే. పద్నాలుగేళ్ల అలవాటు అతణ్ణి అక్కడి దాకా నడిపించింది. తలుపు తెరుచుకుంది. లోపల మెడలో కార్డుతో ప్రవీణ్, పక్కన ఫారాలు పట్టుకుని దినేష్ ఉన్నారు.

"రా అన్నా, పైకే," అన్నాడు ప్రవీణ్, జరిగి చోటిస్తూ.

తలుపు మూసుకుంది. అద్దంలో నలుగురూ కనిపిస్తున్నారు. రామాంజనేయులు అద్దంలోని ఇస్సాకు పెదవులనే చూస్తున్నాడు. ప్రవీణ్ కూడా అద్దం వైపే తిరిగి ఉన్నాడు. ముసలాయన పట్టె మీద వేలితో రెండుసార్లు కొట్టాడు.

"రైట్... రైట్," అన్నాడు, కండక్టరు లాగా.

"ఏంది నాన్నా?" అన్నాడు దినేష్.

"ఏం ల్యా. డ్రైవరు బండి తీయల్యా ఇంకా."

ఇస్సాకు పెదవులు కదల్లేదు. గట్టిగా కాదు, లోపల కూడా కాదు. మాట నోటి దాకా వచ్చి కాగితం మీది తన సంతకానికి తగిలి ఆగింది. ఆ లిఫ్టులో మొదటిసారి ఒక మనిషి పేరు దేవుడికి చెప్పకుండానే నాలుగో అంతస్తు వచ్చింది.

ఎర్ర గీత ముందు నర్సు కరుణ జాబితా పట్టుకుని నిలబడి ఉంది. కట్టుడు పళ్లు, ఉంగరం, మొలతాడు, చెవి మిషన్లు. ఒక్కొక్కటి తీసి ప్లాస్టిక్ కవర్లో వేసి, దినేష్ చేతికిచ్చి సంతకం తీసుకుంది. "మీరు కింద హాల్లో కూర్చోండి సార్, పిలుస్తాం," అంది. దినేష్ తండ్రి భుజం మీద చెయ్యి వేసి, ఏదో అనబోయి, వినపడదని గుర్తొచ్చి, భుజాన్ని ఒకసారి నొక్కి వెళ్లిపోయాడు. ప్రవీణ్ కూడా వెళ్లాడు.

లోపల ఇంకా సిద్ధం కాలేదు. కరుణ తలుపు అవతలికి వెళ్లింది. గీత ఇవతల ఇద్దరే మిగిలారు.

ఇస్సాకు పద్నాలుగేళ్లుగా కుర్చీ వెనకే నిలబడ్డాడు. ఇప్పుడు ముందుకు వచ్చి, కాళ్ల రేకులు సరిచేసే మనిషిలా మోకాళ్ల మీద కూర్చున్నాడు. పళ్లు లేని ముఖం ఒక్కసారిగా చిన్నదై, పసివాడి ముఖంలా ఉంది. ఇస్సాకు దాన్నే చూస్తూ, ఒక్కో మాటనూ పెదవులతో పెద్దగా చేస్తూ, గొంతు విప్పి చెప్పాడు.

"ప్రభువా, ఈయన రామాంజనేయులు. బస్సు నడిపిండు. ముప్పై ఒక్క ఏండ్లు మందిని ఇండ్లకు చేర్చిండు. ఇయ్యాల ఈయనే ఎక్కి కూసున్నడు. జర పైలంగ తీస్కపో. లిఫ్టుల నేను భయపడ్డ. అది ఈయన మీద వెయ్యకు."

ముసలాయన అతడి నోటినే చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి. మరొకసారి చెప్పమన్నట్టు చెయ్యి చెవి వెనక పెట్టాడు. ఇస్సాకు మళ్లీ చెప్పాడు, ఇంకా గట్టిగా. గోడ మీద వేలు పెదవులకు ఆనించిన బొమ్మ నిశ్శబ్దం పాటించమంటోంది. తలుపు సందులోంచి కరుణ తల కనిపించింది. చూసి, తలుపును మెల్లగా దగ్గరకు వేసింది.

"ఒక్క ముక్కా వినపల్యాప్పా," అన్నాడు రామాంజనేయులు, తన గొంతు ఎంత పెద్దదో తెలియక. "ఫికర్ పడొద్దు. వచ్చినంక చెబుదువులే. మిషన్లు పెట్టుకోని వింటా."

ముసలాయన ఇస్సాకు తల మీద చెయ్యి పెట్టి ఒకసారి తట్టాడు. ఆకుపచ్చ బట్టలవాళ్లు వచ్చి ఆయన్ని మంచం మీదికి మార్చి, గీత దాటించారు. తలుపు రెండు రెక్కలూ ఊగి ఊగి ఆగాయి. కుర్చీ తీసుకోబోతుండగా ఫోను మోగింది. అత్యవసరం, స్ట్రెచర్. కుర్చీని గోడ పక్కన వదిలి అతడు కిందికి పరుగెత్తాడు.

ఆ తరువాత పదమూడు ప్రయాణాలు. ప్రతి లిఫ్టులోనూ పేరు చెప్పాడు. పేర్ల నడుమ ఒక ప్రశ్న వచ్చి కూర్చుంది. ఫలితం అడగకపోవడం నిజంగా నమ్మకమేనా, లేక దెబ్బ తగలకుండా తాను వెనక్కి జరిగి నిలబడిన చోటా? ప్రేమించినవాడు అడగకుండా ఉండగలడా? మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి మూత పెట్టేశాడు. రెండు గంటలకు, ఏ పనీ లేకుండా మొదటిసారి, నాలుగో అంతస్తుకు వెళ్లాడు.

"పెద్దాయన...?" అన్నాడు.

కరుణ వింతగా చూసింది. "నువ్వు అడుగుడేంది అన్నా, ఎన్నడు లేంది? ఇంకా లోపలనే."

మూడు గంటలకు ఒక గర్భిణిని తోసుకుంటూ హాలు మీదుగా పోతుంటే రత్నమ్మ లేచి వచ్చింది. ఎవరి ఆపరేషన్ ఎంతవరకు వచ్చిందో చూపే తెర మీది పేర్ల రంగులు చూసి చూసి ఆమె కళ్లు ఎర్రబడ్డాయి.

"చెప్తివా నాయనా, ఆయనకు?"

"చెప్పిన్నమ్మా."

"విన్యాడా?"

ఇస్సాకు నోరు తెరిచాడు. కుర్చీలోని గర్భిణి పొట్ట పట్టుకుని మూలిగింది. అతడు కుర్చీని ముందుకు తోశాడు. లిఫ్టు తలుపు మూసుకునే దాకా రత్నమ్మ అక్కడే, సమాధానం కోసం నిలబడి ఉంది.

నాలుగూ నలభైకి ఫోను మోగింది. నాలుగో అంతస్తు నుంచి మార్చురీకి. స్ట్రెచర్, మూత ఉన్నది. గది నంబరు లేదు.

కరుణ గీత అంచునే నిలబడి ఉంది. "మూడున్నరకు గుండె ఆగింది అన్నా. అరగంటసేపు మస్తు ప్రయత్నం చేసిన్రు," అంది. "ఇంటోళ్లు చూసి పోయిన్రు. ఇంకొకర్ని పిలువనా?"

"వద్దు. నేనే తీస్కపోత."

సర్వీస్ లిఫ్టులో అద్దం లేదు. గీతలు పడిన ఇనుప గోడలు మాత్రమే. తలుపు మూసుకుంది. ప్రవీణ్ లేడు, బంధువులు లేరు, కెమెరా లేదు. ఎంత గట్టిగానైనా చెప్పవచ్చు. ఇస్సాకు పెదవులు అలవాటుగా తెరుచుకున్నాయి. ప్రభువా, ఈయన రామాంజనేయులు. తరువాతి మాట దొరకలేదు. చూడు అనాలి. చూడమని ఇప్పుడు దేనికి చెప్పాలి? చూడలేదా అని అడగాలి. అడిగే ధైర్యమూ లేదు, మానే ధైర్యమూ లేదు. దేవుడు లేడని అతడికి అనిపించలేదు. అలా అనిపిస్తే కొంత తేలికగా ఉండేదేమో. ఉన్నాడు, విన్నాడు, అయినా ఇలాగే జరిగింది. దాని ముందు ఇస్సాకు రెండు చేతులూ ఇనుప కడ్డీ మీద పెట్టి నిలబడ్డాడు. దుప్పటి ఒక పాదం మీద నుంచి జారింది. వంగి కప్పాడు. పాదం పొద్దున ఉన్నంత చల్లగానే ఉంది. లిఫ్టు ఆగేదాకా ఆ పేరునే మళ్లీ మళ్లీ చెప్పాడు. అడగడానికి కాదు. ఒంటరిగా పంపకూడదని.

మార్చురీ పుస్తకంలో సంతకం పెట్టి పైకి వచ్చేసరికి తరువాతి పిలుపు సిద్ధంగా ఉంది.

ఆరు దాటాక, కంపెనీల నుంచి విడుదలైన జనంతో మెట్రో మెట్లు నిండిన వేళ, అనంతపురం అంబులెన్సు వెళ్లిపోయిందని గేటు దగ్గర కాపలా మనిషి చెప్పాడు. ఇస్సాకు నాలుగో అంతస్తుకు వెళ్లాడు. ఏడో నంబరు కుర్చీ పొద్దున వదిలిన చోటే, గీతకు ఇవతల, బ్రేకు వేసి ఉంది. దాన్ని కింది గదికి దింపి, స్పిరిట్ గుడ్డతో పట్టెలు తుడిచాడు, రేకులు తుడిచాడు. ఫైలు పెట్టే వెనక సంచీలో చెయ్యి పెట్టాడు. మెత్తగా ఏదో తగిలింది.

గోధుమరంగు ఊలు టోపీ, తలనూ చెవులనూ కలిపి కప్పేది. ఆపరేషన్ అయి వచ్చాక చలి పెట్టకుండా రత్నమ్మ ఎప్పుడో అందులో దోపి ఉంటుంది. ఇస్సాకు దాన్ని కుర్చీలో పెట్టాడు. అది పడిపోలేదు. చాలా ఏళ్లు ఒకే తలకు పట్టిన ఊలు, ఆ తల ఇంకా లోపలే ఉన్నట్టు గుండ్రంగా, చెవులుండే చోట రెండు వైపులా కొంచెం ఉబ్బి నిలబడి ఉంది.