ఒక్క వైఫై, తొమ్మిది తలకాయలు

అరవైకి రెండేళ్లు తక్కువ ఉన్న వయసులో, నాకు నెలలు నిండేది ఎప్పుడని నా ఫోను అడిగింది.

నా మాటల్లో ఎన్ని పాళ్లు నిజమో ఈ కువైట్ సబ్హాన్ గోదాముల్లో అందరికీ తెలుసు. ఒకసారి మా ఊళ్లో గాలివానకు బావి కొట్టుకుపోయి పక్క ఊళ్లో తేలిందని, దానికోసం ఇప్పటికీ జగిత్యాల కోర్టుకు తిరుగుతున్నామని చెప్పింది నేనే. కానీ ఇది అలాంటిది కాదు. ఫోనులో వార్తలు చదువుతుంటే మధ్యలో ఉయ్యాల బొమ్మ వచ్చింది. దాని కింద, కడుపుతో ఉన్నవాళ్లు వేసుకునే బలం గోళీల ప్రకటన.

"శుభవార్త ఎప్పుడు చెబుతారు బాబాయ్?" అన్నాడు జేమ్స్. అమలాపురం వాడు. వాడి పెళ్లాం నిస్సీకి ఐదో నెల. ఊళ్లో ఆమె ఏం తినాలో, ఏం తినకూడదో వాడు ఇక్కడ కూర్చుని పొద్దస్తమానం ఫోనులో వెతుకుతుంటాడు.

మా గదిలో తొమ్మిది మందిమి. వైఫై ఒక్కటే. ఎవరి అకామాకు, అంటే ఇక్కడ ఉండనిచ్చే పర్మిట్‌కు, ఎక్కువ గడువు మిగిలి ఉంటే వాళ్ల పేరు మీద కనెక్షన్ తీసుకోవడం మా క్యాంపులో ఆనవాయితీ. ఈ ఏడాది ఆ భాగ్యం నాది. దాంతో ఇంటర్నెట్ కంపెనీ దృష్టిలో తొమ్మిది మందీ కలిసి ఒక్క దేవయ్య. ఆ దేవయ్యకు కడుపు, బట్టతల, క్రికెట్ పిచ్చి, మోకాళ్ల నొప్పి అన్నీ ఉన్నాయి. ఎవడు ఏం తెరిచినా దాని ప్రకటన గది మొత్తానికి వచ్చేది.

నవ్వుకున్నాం. ఆ నవ్వు సోమవారం దాకానే.

లింబాద్రిది కోరుట్ల పక్క ఊరు. ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. కూతురు పుట్టి మూడేళ్లయింది, ఇంకా ఎత్తుకోలేదు. సెలవు అడిగితే కంపెనీ 'వచ్చే నెల' అంటుంది. జహ్రాలో వేరే కంపెనీ ఏడాదికోసారి ఇంటికి పంపిస్తామంది. అక్కడికి మారాలంటే ఇక్కడ ముదీర్, అంటే మా మేనేజర్, రిలీజ్ కాగితం మీద సంతకం పెట్టాలి. జహ్రా వాళ్ల కాగితం చేతికొచ్చాక అడుగుదామని లింబాద్రి నోరు మెదపకుండా ఉన్నాడు. ఆలోపు ఫోర్‌మన్ చెవిన పడితే ఇక ఆ సంతకం పడదు. పోయినేడు ఒకడికి అలాగే అయింది.

ఆ ఫోర్‌మన్ అన్వర్ బాషా, రాయచోటి ఆయన. రోజూ సాయంత్రం మా గదిలో మా చాయ్ తాగుతూ మా వైఫై మీద బిర్యానీ వీడియోలు చూస్తాడు. సోమవారం గ్లాసు కింద పెట్టి ఫోను మా వైపు తిప్పాడు.

"ఏమబ్బా, ఇదేంది? జహ్రాలో ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్లు కావాలంట. రిలీజ్ కూడా మేమే చేయిస్తామంటాండారు. ఈ రూములో ఎవుడో బయటికి దారి ఎతుకుతాండాడు."

గదిలో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాళ్లు ముగ్గురు. ముగ్గురూ నేల చూశారు.

"బేస్తవారం సాయంత్రం దాకా టైమిస్తాండా. ఎవురో చెప్పండి. లేదంటే ముగ్గురి పేర్లూ ముదీర్ కాడికి పోతాయి. ఖలాస్."

ఆయన వెళ్లాక లింబాద్రి నా మంచం అంచున కూర్చున్నాడు.

"కాకా, నా బిడ్డ నన్ను ఫోన్ మామ అంటదే. ఫోన్ల ఉండే మామ అనుకుంటది. నాయిన అని తెల్వది."



మర్నాడు డ్యూటీ దిగగానే ఇంటర్నెట్ కంపెనీ దుకాణానికి వెళ్లాను. కౌంటర్లో అసిఫ్, హైదరాబాద్ వాడు. నా పాత ఫారం తీసి చూపించాడు.

"చాచా, మీరే టిక్కు పెట్టిన్రు."

నిజమే. పదకొండు గళ్లు, పదకొండు టిక్కులు. ఇక్కడ ఏ కాగితం ముందు పెట్టినా గడి కనిపిస్తే టిక్కు, గీత కనిపిస్తే సంతకం. మాకు అదే అలవాటు. ఏం రాసి ఉందని అడిగితే కాగితం వెనక్కి పోతుందేమోనని భయం.

"ఏం చూస్తరు మీరు?"

"ఏ సైట్లు తెరిచిన్రో గంతే. లోపల ఏం రాసిన్రో చూడం. మీకు పనికొచ్చే యాడ్లు పంపనీకి. మీ ఫాయిదా కోసమే చాచా."

"ముప్పై ఐదేండ్ల సంది నా మనసుల ఏమున్నదో నా పెండ్లాం ముత్తెవ్వకే తెల్వది. నీ కంపెనీకి ఎట్ల తెలిసింది బిడ్డా?"

"వద్దంటే ఈ ఫారం నింపి ఇయ్యున్రి. ముప్పై దినాలల్ల ఆగిపోతది."

"టిక్కు పెట్టినంక ఎన్ని దినాలకు షురూ అయింది?"

అసిఫ్ తల గోక్కున్నాడు. "అదే దినం."

ఫారం జేబులో పెట్టుకున్నాను. గురువారానికి ఇంకా రెండు రోజులే. బస్సులో కూర్చుని కోపంతో ఉడికిపోతుంటే, మిష్రిఫ్ దాటాక ఎందుకో నవ్వొచ్చింది. నేను ఏం చెప్పినా నమ్మేవాడు ఈ కువైట్‌లో ఇన్నాళ్లూ ఒక్కడు దొరకలేదు. ఇప్పుడు నా పేరు మీద ఏం చెప్పినా నమ్మే కంపెనీయే దొరికింది. వదులుకుంటానా?

సాయంత్రం అందరినీ కూర్చోబెట్టాను.

"ఫోన్లు తియ్యుండ్రి. ఇయ్యాల్టి సంది దేవయ్య అన్ని నౌకరీలకు పోతడు."

"ఏం ఉద్యోగాలు బాబాయ్?" అన్నాడు జేమ్స్.

"ఓడ నడుపుతడు. ఒంటెలు కాస్తడు. పండ్లు పీకే డాక్టరైతడు. పెండ్లికూతుళ్లకు మెహందీ పెడతడు. సిగ్గుపడకుండ్రి, యల్లా!"

ఎవడు ఏది వెతకాలో కాగితం మీద నేనే రాసిచ్చాను.

"మరి నేనో కాకా?" అన్నాడు లింబాద్రి.

"నువ్వు జహ్రా దిక్కు చూడకు. మెహందీ పట్టు."

రెండు రోజులు తొమ్మిది మందీ అదే పని. అన్నం తింటూ వెతికారు, స్నానాల లైన్లో నిలబడి వెతికారు. బుధవారం పొద్దుటికల్లా ఎడారిలో గద్దలను సాకే పని ఉందని నాకు ప్రకటన వచ్చింది. నిజం చెప్పొద్దూ, కాస్త మనసు పడ్డాను.

గురువారం అన్వర్ బాషా ఫోను పట్టుకుని గదిలోకి వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది.

"ఏంది సామీ ఇది? ఓడలంట, ఒంటెలంట, గద్దలంట! నాతో ఎగతాళా? ఎవుడు వాడు?"

"నేనే," అని లేచాను. "కనెక్షన్ నా పేరు మీదున్నది. కంపెనీనే అడుగు, ఉన్నది దేవయ్య ఒక్కడే అంటది. ఓడ కెప్టెన్‌గ పోతుండు, రిలీజ్ ఇయ్యమని ముదీర్‌కు చెప్పు."

"గద్దలకి నేనండి," అని జేమ్స్ లేచాడు. తర్వాత ఒంటెలు లేచాయి, పండ్ల డాక్టర్ లేచాడు. చివరికి లింబాద్రి లేచి, "మెహందీకి నేను" అన్నాడు. 

"ఇందులో నిజం ఒకటుండాది. ఒక్కొక్కటీ చూసి పట్టుకుంటా," అని అన్వర్ బాషా ప్రకటనలు పైకి తోస్తూ గట్టిగా చదవసాగాడు. "మెహందీ... ఒంటెలు... అహ్మదీలో అనుభవం కలిగిన ఫోర్‌మన్..."

ఆగిపోయాడు.

నేను రాసిచ్చిన కాగితంలో ఫోర్‌మన్ పని లేదు. మా వైఫై వాడే పదో మనిషి ఎవరో అందరికీ తెలుసు.

"దొరికిండు కాకా," అని లింబాద్రి నా చెవిలో గొణిగాడు.

మాట నాలుక చివరిదాకా వచ్చింది. నా జన్మలో చెప్పబోయే మొట్టమొదటి నిజం, పైగా అంత రుచైనది! మింగేశాను. ఎవడేం తెరిచాడో చూసి వాడుకోవడం ఆ కంపెనీ పని. నా తగాదా దానితోనే కదా.

"అది గూడ నేనే బాషాభాయ్," అన్నాను. "ఫోర్‌మన్ నౌకరీ గూడ నేనే ఎతికిన. రాసుకో."

 ఆయన ఫోను జేబులో పెట్టుకుని మంచం మీద కూలబడ్డాడు.

"చాయ్ ఉండాదా పెద్దాయనా?"

శనివారం నేను అసిఫ్ దగ్గరికి వెళ్లాను. ఈసారి ప్రతి గడీ చదివించుకున్నాకే పెన్ను పట్టాను. వద్దనడానికి కారణం అని ఒక గడి ఉంది.

"రాయి బిడ్డా," అన్నాను. "నేనేం చూస్తున్ననో నా పెండ్లానికే చెప్ప."

అసిఫ్ నవ్వుతూనే రాశాడు. ముద్ర వేసిన నకలు చేతికిచ్చేదాకా నేను కౌంటర్ వదల్లేదు.

తర్వాతి వారం జహ్రా కాగితం వచ్చింది. లింబాద్రి రిలీజ్ అడిగాడు. రిలీజ్ కాగితాన్ని ముదీర్ ముందు పెట్టి సంతకం చేయించుకొచ్చింది అన్వర్ బాషాయే.  జహ్రాకు పెట్టె సర్దుకుంటూ లింబాద్రి ఫోనులో కూతురితో అంటున్నాడు: "ఫోన్ మామ కాదు బిడ్డా, నాయిన. ఏడాది తిరిగేలోపు వస్త, సూస్తవు గద."

ముప్పై రోజులు ఇంకా నిండలేదు. గద్దల ప్రకటనలు వస్తూనే ఉన్నాయి. అందుకని రోజూ డ్యూటీ దిగగానే అసిఫ్‌కు ఫోను చేసి, గద్దకు అకామా ఎవరు కొట్టిస్తారని అడుగుతున్నాను.