దోన్ ఇగ్నాజియో కలలోకి రావడం లేదు

మెట్ల కిందినుంచి చల్లగాలి వస్తుంది.

ఎండాకాలమైనా వస్తుంది, చలికాలమైనా వస్తుంది. తడిరాతి వాసన, ఆరిన కొవ్వొత్తి వాసన, ఎప్పటిదో దుమ్ము వాసన... మూడూ కలిసి చర్చి తలుపు దాటి సందులోకొచ్చి, తాళ్ళ మీది దుప్పట్లను ఓసారి కదిపి పోతాయి.

ఆ గాలి తగిలితే చాలు, సానితా పేట ఆడవాళ్ళు శిలువ గుర్తు వేసుకుంటారు. పాపం, వాళ్ళకి దాహమేస్తోంది, అనుకుంటారు.

వాళ్ళు అంటే పుర్రెలు.

కింద నేలమాళిగలో ఉన్నాయి. వరసలు వరసలు. ఎప్పుడో మహమ్మారి వచ్చిన ఏడు పోయినవాళ్ళు. పేరు లేనివాళ్ళు, ఏడ్చే దిక్కు లేనివాళ్ళు. స్వర్గం ఇంకా చేరలేదు, దారిలో ఆగిపోయారు. పైనుంచి ఎవరైనా ఒక ప్రార్థన చేసిపెడితే అంతమేరకు చల్లబడతారు.

అందుకని ఈ నాపోలి ఊళ్ళో ఒక ఏర్పాటుంది. నువ్వో పుర్రెను పెంచుకుంటావు. తుడుస్తావు, దిండు కుట్టిపెడతావు, దీపం వెలిగిస్తావు. అది నీ కలలోకి వచ్చి తన పేరు చెబుతుంది. తన కథ చెబుతుంది. నీ పని చూసిపెడుతుంది. చూసిపెట్టకపోతే —

దిండు లాగేసుకుని పక్క పుర్రెకిస్తావు. ఇందులో మొహమాటాల్లేవు.

ఆ సందులోనే ఉండే ఎర్సీలియా పెంచుకున్న పుర్రె పేరు దోన్ ఇగ్నాజియో.

*

పందొమ్మిదేళ్ళప్పుడు తీసుకుంది ఆయన్ని. అప్పుడామె చేతి తొడుగులు కుట్టే కార్ఖానాలో పనిచేసేది. తొడుగులకి మిగిలిన మెత్తటి తోలుతో దిండు కుట్టింది. దాని మీద నీలం దారంతో లంగరు కూడా కుట్టింది, ఎందుకో తనకే తెలీదు. ఆ వారమే కలలోకొచ్చాడు. తెల్లకోటు. మెలితిప్పిన మీసం. నౌకాదళంలో అధికారినన్నాడు. పెళ్ళికి వారం ముందు పోయానన్నాడు.

ఎర్సీలియా పెళ్ళే చేసుకోలేదు. ఈ రెంటికీ సంబంధం లేదని ఆమె అంటుంది. సందులో ఒక్కరూ నమ్మరు.

సోమవారం ఆత్మల రోజు. ప్రతి సోమవారం ఆమె మెట్లు దిగేది. ప్రతి సోమవారం ఆయన కలలోకొచ్చేవాడు. పోయిన కత్తెర ఎక్కడుందో చెప్పేవాడు. ఏ చేపలవాడి దగ్గర కొనకూడదో చెప్పేవాడు. ఒకసారి పై అంతస్తు గచ్చు రాలుతుందన్నాడు, రాలింది. చెప్పినవన్నీ జరిగాయా అంటే, జరగనివి ఆమె సరిగా వినలేదు, అంతే.

నలభయ్యేళ్ళు ఇలా గడిచాయి. హాయిగా గడిచాయి.

అప్పుడు అనియెల్లో టోపీ తీశాడు.

*

అనియెల్లోది సందు మొగలో నిమ్మనీళ్ళ కొట్టు. అరచేతిలో పట్టనంత నిమ్మకాయలు పిండి, సోడా పోసి, చివర్లో చిటికెడు వంటసోడా పడేస్తాడు. పడేయగానే బుస్సున పొంగుతుంది. కాళ్ళు ఎడం చేసి, ముందుకు వంగి, ఒక్క గుక్కలో తాగాలి. లేదంటే బట్టలన్నీ నిమ్మనీళ్ళే. అది చూడ్డానికి, తాగడానికి, తడవడానికి ఓడలు దిగి మరీ వస్తారు జనం. వరసలో నించుని, కాళ్ళు ఎడం చేసుకుని, బూట్లు తడుపుకుని, ఫొటోలు తీసుకుంటారు. అనియెల్లో నవ్వడు. భార్య పోయాక ఆయన నవ్విందే తక్కువ.

చలికాలం చివర, కార్నివాల్ పండగ రోజుల్లో ఒక మధ్యాహ్నం, ఎర్సీలియా చేతికి గ్లాసిచ్చి, టోపీ తీసి, "మనం పెళ్ళి చేసుకుందామా?" అన్నాడు.

ఎర్సీలియా వంగడం మరిచిపోయింది. లంగా అంతా నురగ.

"ఆగు," అంది. "ఆయన్నడిగి చెప్తా."

"ఎవర్ని?"

"ఎవర్నేంటి. దోన్ ఇగ్నాజియోని."

అనియెల్లో టోపీ పెట్టుకున్నాడు. ఒక నిమ్మకాయ కోశాడు. "నవంబర్లో ఆత్మల పండగ దాకా చూస్తాను. కాదంటే కొట్టు మూసేసి ప్రోచిదా దీవిలో మా అక్క దగ్గరికి పోతాను. అక్కడ చుట్టూ నీళ్ళే. ఎవరికీ గ్లాసులో పోసివ్వక్కర్లేదు."

ఉండిపోవాలి ఆయన. ఎర్సీలియాకి అంతే కావాలి. పొద్దున్నే కొట్టు తలుపు తీసిన చప్పుడు వినపడాలి. ఆ చప్పుడు లేని సందులో లేవడం ఆమెకి చేతకాదు. కానీ నలభయ్యేళ్ళుగా ఒకర్ని అడక్కుండా ఉల్లిపాయలు కూడా కొనని మనిషి, మొగుణ్ణెలా తెచ్చుకుంటుంది?

అడిగింది. ఆ సోమవారమే అడిగింది.

దోన్ ఇగ్నాజియో రాలేదు.

*

ఎందుకొస్తాడు? తీరికుంటేగా.

అంతకుముందు చలికాలమంతా నేలమాళిగ మూసి బాగుచేశారు. గోడలు కడిగారు. పుర్రెలన్నిటినీ దించి, దులిపి, మళ్ళీ పెట్టారు. దీపాలు పెట్టారు, అడ్డంగా తాడు కట్టారు. మూలన తేమ లాగే యంత్రం ఒకటి పెట్టారు. ఇదివరకు మొక్కు చేరితే పుర్రెకి చెమట పట్టేది. ఇప్పుడు ఆ యంత్రం గుర్రుమంటూ పొద్దస్తమానం తేమంతా తాగేస్తుంది. ఎవరి మొక్కు చేరిందో ఎవరికీ తెలీదు.

పైగా ఒంటరిగా దిగనివ్వరు. గుంపుతో దిగాలి. గుంపు ముందు ఎర్ర గొడుగు పట్టుకుని గైడు లుదొవీకా నడవాలి.

లుదొవీకా ఉత్తరాది పిల్ల. మంచిది. చదువుకుంది. దోన్ ఇగ్నాజియో ముందు ఆగి, గొడుగు పైకెత్తి, గొంతు తగ్గించి చెబుతుంది: పెళ్ళికి వారం ముందు పోయిన నావికుడు... ప్రేమించినవాళ్ళు ఏం కోరినా తీరుస్తాడు...

ఈ పిల్లకి ఎవరు చెప్పారంటే, ఎదురింటి తితీనా తప్ప ఎవరు చెబుతారు? తితీనా నోట్లో ఏదీ దాగదు.

ఇక చూడండి. చీటీలు. బొత్తాలు. జుట్టు రబ్బర్లు. పెళ్ళి కావాలని ఒకతె, పెళ్ళి తప్పించమని ఒకడు, పరీక్ష గట్టెక్కించమని, జట్టు గెలిపించమని. తాడు మీంచి విసురుతారు. కొన్ని కొరియా అక్షరాల్లో. కొరియా అక్షరాలు ఆయనకేం తెలుసు? ఎక్కడో కూర్చుని కూడబలుక్కుంటూ తంటాలు పడుతుంటాడు. ఎర్సీలియాకి అది తలుచుకుంటే జాలి. మరుక్షణం ఒళ్ళుమంట. నలభయ్యేళ్ళు దుమ్ము తుడిచింది ఎవరు? వరస తప్పించి ముందు దూరిందెవరు?

సోమవారం తర్వాత సోమవారం. కల రాదు.

వంకాయలు వేయించుకుని తిని పడుకుంది. కల రాలేదు. ఎడంపక్కకి తిరిగి పడుకుంది. రాలేదు. తలకింద ఆయన పాత దీపపు కుందె పెట్టుకుంది. మెడ పట్టేసింది. ఒకసారి కలొచ్చింది. కలలో తితీనా చేపలు అమ్ముతోంది.

మర్నాడు తితీనా ముఖం చూడలేదు.

వసంతం పోయింది. ఎండాకాలం పోయింది. ఓడలు తగ్గాయి. తాళ్ళ మీద దుప్పట్లు ఆరడానికి రెండేసి రోజులు పడుతోంది. సందు మొగలో అనియెల్లో ఖాళీ సీసాల్ని గడ్డి చుట్టి పెట్టెలో సర్దుతున్నాడు.

"చూశావా వదినా, సర్దేస్తున్నాడు," అంది తితీనా, కిటికీలోంచి తాడు కట్టిన బుట్టలో రొట్టె కిందికి దింపుతూ.

"కళ్ళున్నాయి నాకు."

"దిండు లాగెయ్."

"నోర్ముయ్."

"నామాట విను. చివరి వరసలో ఓ బక్క పుర్రె ఉంది. దాన్నెవడూ పలకరించడు. ఖాళీగా ఉంది, పిలిస్తే పరిగెత్తుకొస్తుంది."

"నలభయ్యేళ్ళుగా నన్ను కనిపెట్టుకుని ఉన్న మనిషి ఆయన."

"మనిషా?"

ఎర్సీలియా రొట్టె తీసుకోకుండా లోపలికెళ్ళి తలుపేసుకుంది. బుట్ట కాసేపు గాల్లో ఊగింది.

*

ఆత్మల పండగకి ముందురోజు సోమవారమే పడింది.

ఎర్సీలియా నల్లగౌను వేసుకుంది. చేతులకి తనే కుట్టిన తొడుగులు. తలుపు దగ్గర లుదొవీకా ఆమె గుండెల మీద పసుపు బిళ్ళ అంటించింది, గుంపులో తప్పిపోకుండా. పుట్టి పెరిగిన చర్చిలో తప్పిపోవడం! సరే, అంటించుకుంది.

మెట్లు దిగారు. జర్మన్లు, ఒక కొత్త జంట, కెమెరాలు మెళ్ళో వేసుకున్న ముసలి దంపతులు. వెనకెక్కడో కళ్ళ మీదికి టోపీ లాక్కుని ఒకాయన. ఎర్సీలియా వెనక్కి చూడలేదు.

గొడుగు ఆగింది. గొంతు తగ్గింది. పెళ్ళికి వారం ముందు...

ఎర్సీలియా తాడెత్తి లోపలికెళ్ళింది.

"అమ్మా! ముట్టుకోకూడదండీ!"

"అమ్మాయ్, నువ్వు పుట్టకముందు నుంచీ తుడుస్తున్నాను ఈ తలని."

చీటీలన్నీ పక్కకి ఊడ్చేసింది. తొడుగు తీసింది. చేతిరుమాలుతో నుదురు తుడిచింది. మెల్లగా, ఎప్పట్లానే. ఎడమ కనుబొమ ఉండాల్సిన చోట ఒక సొట్ట ఉంటుంది, బొటనవేలు అందులో కుదురుకుంటుంది. బొటనవేలు వెళ్ళింది.

సొట్ట లేదు.

మళ్ళీ తడిమింది. నున్నగా ఉంది. దిండు తనదే. లంగరు తనదే. తల తనది కాదు.

పక్క పుర్రెను తడిమింది. బొటనవేలు సొట్టలో కుదురుకుంది.

"దులిపి పెట్టినవాళ్ళు మార్చి పెట్టారు!" అంది పైకే. ఎనిమిది నెలలు! దోన్ ఇగ్నాజియో ఇక్కడే, జానెడు దూరంలో, పరాయి గుడ్డ మీద కూర్చుని, తను వేరేవాడితో మాట్లాడుతుంటే వింటూ కూర్చున్నాడు. ఎర్సీలియాకి ఏడుపొచ్చింది. ఏ మొహం పెట్టుకుని వస్తాడు కలలోకి?

అప్పుడు ఆ పరాయి గుడ్డ చూసింది. తువ్వాలు. తువ్వాలు నిండా నిమ్మకాయల బొమ్మలు. ఇలాంటి తువ్వాలుతోనే సందు మొగలో గ్లాసులు తుడుస్తారు.

"ఇదెవరిది?" అంది, తెలిసీ.

వెనకనుంచి అనియెల్లో వచ్చాడు. టోపీ చేతిలో ఉంది. గుండెల మీద పసుపు బిళ్ళ ఉంది.

"నాది. నువ్వు తుడిచావే, ఆయన మా మావయ్య."

"మీ మావయ్యా?"

"పేరు తెలీదు. ఎప్పుడూ కలలోకి రాలేదు. మావయ్యా అని పిలుస్తాను. బాగుచేయడానికి నేలమాళిగ మూసే ముందురోజే పెట్టుకున్నాను ఆయన్ని. పొద్దున తొలి గుంపుతో వచ్చి పోతుంటాను."

"నీకెందుకు పుర్రె?"

అనియెల్లో టోపీని గుండ్రంగా తిప్పాడు. చివరికి చెప్పేశాడు. తెల్లకోటు ముందు, మీసం ముందు, నిమ్మకాయలు పిండేవాడు నిలబడగలడా? బతికున్నవాడైతే సందులో నిలేసి అడిగేవాడు. పుర్రెను ఎలా నిలేస్తాడు? ఇక్కడ ఏ పేచీ వచ్చినా పక్కింటివాళ్ళ చేత చెప్పిస్తారు. అందుకని పక్క పుర్రెని మంచి చేసుకున్నాడు.

"ఏమని చెప్పించావు?"

"నీ పక్కన మీసాల మొద్దొకడున్నాడు, కాస్త నచ్చజెప్పు మావయ్యా అని... చచ్చి మూడొందల ఏళ్ళయినా ఇంత పంతమేంటని... తెల్లకోటుంటే సరిపోయిందా అని..."

ఆగిపోయాడు. తువ్వాలు వంక చూశాడు. తువ్వాలు మీదున్న సొట్ట వంక చూశాడు. ఎనిమిది నెలలుగా ఈ మాటలన్నీ ఎవరి మొహం మీద అన్నాడో ఇప్పుడర్థమైంది. 

ఎర్సీలియాకి నవ్వొచ్చింది. వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. తను మాత్రం ఎవరికి చెప్పుకుంది? ఆయన చేతుల నిమ్మవాసన నాకిష్టమని, ఆయన పోతే నేను ఉండలేనని, ఇంకా... ఇంకా చాలా. అన్నీ ఆయన మావయ్యకే చెప్పింది. చెవులదాకా ఎర్రబడింది.

జర్మన్లు చప్పట్లు కొట్టారు. టికెట్టుతో పాటు నాటకం కూడా ఉందనుకున్నారు. కొత్త పెళ్ళికూతురు కళ్ళు తుడుచుకుంటోంది. లుదొవీకా గొడుగు దించేసింది. తాడు సంగతి మర్చిపోయింది.

"పండగ రేపే," అన్నాడు అనియెల్లో, చాలా మెల్లగా.

ఎర్సీలియా దోన్ ఇగ్నాజియో వైపు తిరిగింది. రెండు చేతుల మధ్య ఆ తలని పట్టుకుంది.

"ఇన్నాళ్ళూ నీ ఎదటే నిన్ను కానట్టు చూశాను, తప్పు నాదే. కోపముంటే తర్వాత కోప్పడు. ఇప్పుడు ఒక్కటే అడుగుతున్నాను. వద్దంటావా, వద్దను. ఏదో ఒక చప్పుడు చెయ్. సరేనంటావా, ఊరుకో."

ఎవరో వెళ్ళి మూలనున్న యంత్రం కట్టేశారు.

నిశ్శబ్దం... ఆ నేలమాళిగలో అంత నిశ్శబ్దం ఎవరూ విని ఉండరు. జర్మన్లకి భాష రాదు, అయినా ఊపిరి బిగబట్టారు. అనియెల్లో కళ్ళు మూసుకున్నాడు. ఎర్సీలియా మూయలేదు.

దోన్ ఇగ్నాజియో ఊరుకున్నాడు.

ఇంకా ఊరుకున్నాడు...

ఒక లావుపాటి జర్మనాయన జేబులో ఫోను మోగింది. బాకాలు, డప్పులు, పెళ్ళిబాజాకి సరిపోయేంత మోత. పాపం ఆయన ఒక జేబు వెతికాడు, ఇంకో జేబు వెతికాడు, దొరకలేదు. అందరూ ఆయన వంక చూశారు. తర్వాత ఎర్సీలియా వంక చూశారు. అనియెల్లో కళ్ళు తెరవలేదు, టోపీ మాత్రం చేతిలోంచి జారి కింద పడింది.

"అది లెక్కలోకి రాదు," అంది ఎర్సీలియా.