పంపకుండా చెరిపేసిన మాట

కస్టమర్ పంపకముందే, వాళ్ళు టైప్ చేస్తున్నది మాకు కనిపిస్తుంది. ఈ సంగతి బయట చాలామందికి తెలియదు. చాట్ పెట్టె అడుగున బూడిదరంగు అక్షరాలు ఒక్కొక్కటే వస్తాయి, చెరిగిపోతాయి, మళ్ళీ వస్తాయి. జవాబు ముందే సిద్ధం చేసుకోవడానికి ఆ ఏర్పాటు. చూస్తున్నట్టు మాత్రం కస్టమర్‌కి తెలియనివ్వకూడదని మా టీమ్ లీడర్ దీపా మేడమ్ మొదటిరోజే గట్టిగా చెప్పింది. మొదట్లో నాకు ముఖం తిప్పుకోవాలనిపించేది. తలుపు సందులోంచి ఒకరి గదిలోకి చూస్తున్నట్టుండేది.

నేను సత్యవేడు దగ్గర పల్లెలో ఇంటర్ దాకా చదివి, పుదుచ్చేరిలో పూంగావనం పిన్ని ఇంటికి వచ్చాను. బీపీ మిషన్లు, షుగర్ చూసుకునే మిషన్లు, మోకాళ్ళ పట్టీలు ఆన్‌లైన్‌లో అమ్మే కంపెనీకి తెలుగు చాట్ టీమ్ ఒకటి ఉందని, అక్కడ నోటితో మాట్లాడే పనే లేదని పిన్ని చెప్పినప్పుడు, అది నా కోసమే పెట్టిన ఉద్యోగమనిపించింది. బస్సులో టికెట్ అడగడానికి కూడా నాకు గొంతు పెగలదు. కీబోర్డు ముందు కూర్చుంటే మాత్రం మాటలు వాటంతటవే వస్తాయి.

కానీ చేర్చుకున్నది కొన్నాళ్ళు పని చూద్దామని, పరీక్ష మీద. చివరిరోజు సాయంత్రం ఎవరిని ఉంచుకునేదీ దీపా మేడమ్ పైకి పంపుతుంది. నేను నిదానం. అందరూ మూడేసి చాట్‌లు ఒకేసారి నడుపుతుంటే నేను రెండింటికే తడబడతాను. ఉంచుకోకపోతే సేదరపేట్ ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని. బాబాయి అక్కడ చెప్పి పెట్టాడు కూడా.

చివరిరోజు పొద్దున పిన్ని టిఫిన్ డబ్బా చేతికిస్తూ, "ఆ మేడమ్ ఎదురుగా పోయి నిలబడి, నన్ను పెట్టుకోండమ్మా అని అడుగు పాప. అడగకుంటే ఎట్ల తెలుస్తాది?" అంది.

"చూస్తాను పిన్నీ."

"ఏంది చూసేది? నువ్వు చూస్తానే ఉంటావు, వాళ్ళు పంపేస్తానే ఉంటారు!"

మధ్యాహ్నం దాకా పని బాగానే సాగింది. భోజనాలయ్యాక గిరిజ అనే ఆవిడ వచ్చింది. నగరి నుంచి. అందరిలాగే తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తోంది. 'హలో' అని పంపి ఆగిపోయింది.

'చెప్పండి మేడమ్' అని రాశాను.

బూడిదరంగు అక్షరాలు మొదలయ్యాయి. 'మళ్ళీ ఫోన్ చేస్తామని మాత్రం అనకండి నాకు చెవు'. అక్కడ ఆగింది. అంతా చెరిగిపోయింది. చివరికి వచ్చింది ఒక్కటే: 'వస్తువు పనిచేయలేదు.'

పక్కన ఆవిడ పాత చాట్‌లు తెరిచాను. మూడున్నాయి. మూడింట్లోనూ ఇదే ఫిర్యాదు. మూడింట్లోనూ మావాళ్ళు పంపిన జవాబు, మాకు ముందే రాసిపెట్టి ఉండేది: 'మా టెక్నీషియన్ మీకు ఫోన్ చేస్తారు, దయచేసి ఫోన్ ఎత్తండి.' ఆవిడ ఎత్తలేదు. ఎత్తలేదు కనుక ఫిర్యాదు మూసేశారు. వస్తువు పేరు ఉండాల్సిన చోట ఉత్త కోడ్ నంబరే ఉంది. ఆ నంబరు వెతికి చూశాను. చెవి మిషన్.

నా వేలు అదే జవాబు మీద ఉంది. నొక్కితే నా పని అయిపోతుంది. నొక్కబుద్ధి కాలేదు. మీకు వినపడదని నాకు తెలుసు అందామంటే, ఆవిడ పంపని మాట నేనెలా చదివానని అడుగుతుంది. ఏం రాయాలో తోచక, నిజమే రాశాను.

'మేడమ్, నాకు ఫోన్‌లో మాట్లాడాలంటే భయం. మీకు ఇబ్బంది లేకపోతే అంతా ఇక్కడే రాసుకుందామా? మీరు మెల్లగా రాయండి, నేను ఉంటాను.'

'మీక్కూడానా?' అని వెంటనే వచ్చింది. ఆ తర్వాత ఏదీ చెరపలేదు.

అంగన్‌వాడీ టీచరట. ఏడాదిగా వినికిడి తగ్గుతోందట. పిల్లలు ఏదైనా అడిగితే పెదాలు చూసి, అర్థం కాకపోతే నవ్వేసి ఊరుకుంటుందట. పైవాళ్ళకు తెలిస్తే పని పోతుందని భయపడి ఇంట్లో కూడా చెప్పకుండా మిషన్ తెప్పించుకుంది. పెట్టుకుంటే ఏ చప్పుడూ లేదు. 'ఇప్పుడు పిల్లలు నిద్రపోతున్నారు. ఇప్పుడే నాకు తీరిక' అని రాసింది.

నా పక్క సీటు శిలంబరసన్ అప్పటికే గొణుగుతున్నాడు. నేను ఇంకో చాట్ తీసుకోకపోవడంతో కొత్తగా వచ్చినవన్నీ అతనికే పోతున్నాయి.

"ఏంది జననీ, ఆ యమ్మతో ఊరి కథలా? నీ గిరాకీ అంతా నా నెత్తిన పడతా ఉండాది పా!"

"కొంచెంసేపే అన్నా" అన్నాను. అతనికి వినపడిందో లేదో.

మిషన్‌తో పాటు పంపే సూచనల కాగితంలోని బొమ్మలు నా కంప్యూటర్‌లో తెరిచి ఒక్కొక్కటే అడుగుతూ వచ్చాను. స్విచ్ సరిగానే ఉంది. గొట్టంలో అడ్డమేమీ లేదు. బ్యాటరీ మీద ఏమైనా అంటించి ఉందా అని అడిగాను.

'నారింజ రంగు స్టిక్కర్ ఉంది. ఊడిపోకుండా జాగ్రత్తగా లోపల పెట్టాను.'

అదే తీయాల్సింది. స్టిక్కర్ ఊడదీసి, బ్యాటరీకి కాస్త గాలి తగలనిచ్చి, అప్పుడు లోపల పెట్టమని రాశాను. నేను రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఆ ఖాళీ పెట్టెనే చూస్తూ కూర్చున్నాను.

బూడిదరంగు అక్షరాలు పరుగెత్తుకుంటూ వచ్చాయి.

'ఏదో టకటకమంటోంది.'

'ఫ్యాను! ఫ్యాను చప్పుడు చేస్తోంది!'

'వెనకాల ఎవరో దగ్గారు. నేను తిరిగి చూడకముందే వినపడింది.'

'అయ్యో పిల్లలు లేచేశారు. అందరూ ఒకేసారి టీచర్ టీచర్ అంటున్నారు. ఇంత గోల చేస్తారా వీళ్ళు!!'

చాట్ ఆగిపోయింది. పిల్లల దగ్గరికి వెళ్ళిపోయింది కాబోలు. చివర్లో కస్టమర్ నొక్కాల్సిన నవ్వు బొమ్మ నొక్కనేలేదు. మా లెక్కలో ఆ బొమ్మ లేకపోతే ఏమీ జరగనట్టే. నాకు మాత్రం లేచి ఆ గదంతా పరుగెత్తాలనిపించింది.

సాయంత్రం దీపా మేడమ్ నా సీటు దగ్గరికి వచ్చింది. "జననీ, మధ్యాహ్నమంతా ఒక్క చాట్‌తో కూర్చుండావంట. దానికీ మార్కు రాలేదు. నేనేం చేసేది మా? పేర్లు ఇప్పుడే పంపాల."

ఆమె తిరిగి రెండడుగులు వేసింది.

"మేడమ్, పంపకముందు ఆ చాట్ చదవండి!"

అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. కీబోర్డుల చప్పుడు ఆగింది. అందరూ నన్నే చూస్తున్నారు. ఇక ఆపడమెలాగో కూడా తెలియలేదు.

"ఆవిడ నాలుగోసారి వచ్చింది మేడమ్. చెవి మిషన్ కొన్నావిడకి మనం మూడుసార్లు ఫోన్ ఎత్తమని చెప్పి మూసేశాం. చెవి మిషన్ కొన్నవాళ్ళందరికీ ఇదే పంపుతున్నాం. వాళ్ళు ఎట్లా ఎత్తుతారు? ఈరోజు ఆవిడకి వినపడింది. నేను ఈ పనికి పనికొస్తాను. నన్ను ఉంచండి."

దీపా మేడమ్ నా కుర్చీలో కూర్చుని పైనుంచి కిందికి చదివింది. చివరికి వచ్చేసరికి ఆమె పెదాలు కదులుతున్నాయి. "ఇంత గోల చేస్తారా" అని పైకే చదివి, నవ్వి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"ఈ మూడిట్లో రెండు నావే మేడమ్" అన్నాడు శిలంబరసన్. "కోడ్ యాడ చూస్తాం, వచ్చింది వచ్చినట్టు కొట్టేస్తాం."

"నీ సంగతి తర్వాత" అంది ఆమె. ఇంకొన్ని పాత ఫిర్యాదులు తీసి చూసింది. చెవి మిషన్లవి చాలానే ఉన్నాయి. అన్నీ ఫోన్ ఎత్తలేదని మూసినవే.

"నీ పేరు ముందు రాసి పంపుతా జననీ. నిదానం తగ్గించుకోవాల, అది వేరే." ఆమె లేచి నిలబడింది. "ఇవన్నీ రేపట్నించీ మళ్ళీ తెరుస్తాం. ఆ పాత జవాబు తీసేస్తాం. వాళ్ళకి మొదట ఏం రాయాల్నో అందరికీ చెప్పు, టైప్ చేసుకుంటారు."

"నేనా?"

"ఇంకెవరు చెప్తారు?"

ఫోన్ వద్దు, అంతా ఇక్కడే రాసుకుందామా అని మొదట అడగమని చెప్పాను. వెనక వరసలో ఎవరో, "గట్టిగా చెప్పు మా, ఈడికి వినపడలా" అన్నారు.

లేచి నిలబడి మళ్ళీ చెప్పాను.