నైలాన్ పోగు

నరసరావుపేట ఆడపిల్లల కాలేజీలో సాబిరా పదకొండేళ్లుగా కెమిస్ట్రీ చెబుతోంది. ఏటా నైలాన్ పాఠం చెప్పడమే గాని, నైలాన్ పుట్టడం ఎన్నడూ కళ్లారా చూడలేదు. కావలసిన రెండు రసాయనాల కోసం మూడేళ్లు అర్జీలు పెట్టి, విసిగి మానేశాక, ఎనభై ఆరు ఆగస్టులో పార్శిల్ వచ్చింది. అప్పటికి అడిగిన సంగతే ఆమె మరచిపోయింది.

బీకరులో ఒక ద్రవం పోసి, దానిమీద రెండోది మెల్లగా వంపింది. రెండూ కలిసేచోట మీగడలాంటి పొర కట్టింది. పట్టకారుతో ఆ పొరను పట్టి లేపితే తెల్లటి పోగు సాగి వచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. జానెడు రాగానే తెగింది. మళ్లీ పట్టింది, మళ్లీ తెగింది. విశాఖపట్నంలో ఎమ్మెస్సీ చదివేరోజుల్లో, ఎప్పటికైనా ఓ కొత్త పదార్థం కనిపెడతానని స్నేహితురాళ్లతో పందెం కాసిన మనిషి. ఇవాళ ఆ చప్పట్ల మధ్య, బెల్లెప్పుడు కొడతారా అని చూసింది.

కడిగి ఆరబెట్టిన పోగును కాగితంలో చుట్టి సాయంత్రం ఇంటికి తెచ్చింది. తండ్రి బాజీ అరుగు మీద కూర్చుని దగ్గుతున్నాడు. నలభై ఏళ్లు భుజాన విల్లేసుకుని నకరికల్లు, రాజుపాలెం ఊళ్లన్నీ తిరిగి, పరుపులకు దూది ఏకినవాడు. ఫోము పరుపులొచ్చాక పిలిచేవాళ్లు లేరు. దూది దుమ్ము మిగిల్చిన దగ్గొకటే ఉంది.

"ఏందమ్మా అది?"

"నైలాన్ నాయనా. మా ల్యాబులో చేశాం."

బాజీ దాన్ని వేళ్లమధ్య పట్టి కొద్దిగా లాగాడు. పుటుక్కున తెగింది.

"ఇదా నా నోటికాడ కూడు తీసింది?"

"పరుపుల్లోది వేరే. ఇది దాని చుట్టమనుకో. ఫ్యాక్టరీలో సాగదీసి గట్టిపరుస్తారు."

"కనిపెట్టినోడు మారాజులా బతికుంటాళ్లే."

"లేదు నాయనా. అమెరికా ఆయన. ఇది బజారుకు రాకముందే విషం తాగి చచ్చిపోయాడు. తానేమీ సాధించలేదనుకున్నాడంట."

ఆ మాటంటూ సాబిరా తెగిన పోగు ముక్కల్ని మళ్లీ కాగితంలో చుట్టసాగింది.

"అయ్యో! ఇంత చేసి ఏమీ చెయ్యలేదనుకున్నాడా? పక్కన మనుషులు లేరా?"

"ఉన్నారంట."

బాజీ కూతురి మొహంలోకి చూశాడు. "నువ్వూ అలిసిపోయావే. చానా రోజుల్నించి చూస్తన్నా. అడక్కపోవటం నాదే తప్పు."

సాబిరా కొంగుతో మొహం కప్పుకుంది. ఆయన ఓదార్చలేదు, లేచి పోనూ లేదు. ఆమె తేరుకున్నాక అడిగాడు.

"రేపు ఇంకోసారి తీస్తావా? నన్ను రానిస్తారా?"

మర్నాడు క్లాసులయ్యాక ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చాడు. సాబిరా ద్రవాలు పోసి పట్టకారు చేతికిచ్చింది. ఆయన తొందరపడలేదు.

"గుంజితే తెగుద్ది. దూదైనా ఇంతే. అది ఇచ్చినంతే తీసుకోవాల."

పోగు మూరెడు వచ్చింది, బారెడు వచ్చింది. కొసను ఆమె గాజుకడ్డీకి చుట్టి తిప్పుతుంటే, ఆయన పట్టకారుతో పోగును అందిస్తున్నాడు. సగంలో ఆయనకు ఊపిరందలేదు. పోగు వదలకుండానే స్టూలు మీద కూలబడ్డాడు.

"ఆపుదామా నాయనా?"

"వద్దు. నిమ్మళంగా తిప్పు."

ఆయన ఊపిరికి తగ్గట్టు సాబిరా చెయ్యి నెమ్మదించింది. బీకరులో పొర కట్టడం ఆగిపోయేదాకా ఆ పోగు తెగలేదు.

"ఎంత పొడుగొచ్చిందే?"

"ఉండు, కొలుస్తా," అంది సాబిరా, స్కేలు కోసం బల్ల సొరుగు లాగుతూ.