పర్మిట్ మనిషి వచ్చేదాకా

ఆరేళ్ల తర్వాత కూతురు ఫోనులో రెండే మాటలు చెప్పింది. "ఒంటిగంటకు డ్యూటీ దిగి వస్తాను. వాసన తగిలితే గుమ్మంలోంచే వెళ్లిపోతాను." నర్సు. ఉత్త బెదిరింపులు ఆమెకు చేతకావు.

వాళ్లమ్మ ఆసుపత్రిలో కన్ను మూసిన రోజు అతను తాగి బస్టాండు బల్ల మీద పడి ఉన్నాడు. దాన్ని పొరపాటు అనడానికి అతనికి నోరు రాదు. ఎవరైనా "పోనీలే, గడ్డురోజులు" అని సర్దబోతే లేచి వెళ్లిపోతాడు. మానేసి పద్నాలుగు నెలలైంది. ఎన్నాళ్లు నిలబడతాడోనని రంపపు మిల్లులో తోటివాళ్లు ఇప్పటికీ పందేలు కాస్తూనే ఉన్నారు.

హోటలు గది మేనల్లుడు మాట్లాడిపెట్టాడు. "ఇన్నేళ్లకు పిల్ల వస్తోంది మామయ్యా, చిల్లర గదిలో కూర్చోబెడతావా?" అని ముచ్చటపడి మంచి గదే తీశాడు. అతను పొద్దున్న పదింటికి దిగాడు. మొహం కడుక్కుని, మంచినీళ్ల కోసం టీవీ కింద ఉన్న చిన్న ఫ్రిజ్ తెరిచాడు.

లోపల దీపం వెలిగింది. నీళ్ల సీసా ఒక్కటి. దాని చుట్టూ అరచేతిలో ఇమిడే మందు సీసాలు, పెళ్లికి ముస్తాబైన పిల్లల్లా వరసగా నిలబడి ఉన్నాయి. చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. నీళ్ల సీసా వైపు కాదు. తలుపు వేసేసి, చెప్పులైనా తొడుక్కోకుండా కిందికి దిగాడు.

కౌంటరులో గుమాస్తా శ్రద్ధగానే విన్నాడు. "తీసెయ్యడానికి నాకేం అడ్డం లేదండీ. ఈ ఊరి రూలు ఒప్పుకోదు. గదిలో మందు పెట్టాలన్నా తియ్యాలన్నా పర్మిట్ మీద పేరున్న మనిషే ముట్టుకోవాలి. ఇంకొకళ్ల చేతిలో సీసా వరండాలో కనిపిస్తే పర్మిట్ పోయినట్టే."

"ఆ మనిషేడీ?"

"ఆబ్కారీ ఆఫీసుకెళ్లారు, అది రెన్యూ చేయించడానికే. రెండింటికి వస్తారు."

"వేరే గది?"

"అన్నీ నిండాయండీ. అయినా ఫ్రిజ్ లేని గది మాకు లేదు."

హాల్లో కూర్చుందామని చూశాడు. సోఫాల ఎదురుగానే బారు, పదకొండింటికి తెరుస్తారట. గాజు తలుపులోంచి వీధి చూశాడు. ఎదుటి వరసలో మందు కొట్లు రెండు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మళ్లీ పైకి వచ్చి తన గది ఎదుట గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు.

గదులు ఊడ్చే ఆవిడ బండి తోసుకుంటూ మూడుసార్లు అటూ ఇటూ పోయింది. నాలుగోసారి ఆగింది.

"గది కార్డు లోపల మరిచిపోయారా అన్నగారూ?"

"నా దగ్గరే ఉందమ్మా. అదే కష్టం."

సంగతంతా చెప్పాడు. దాస్తే ఎక్కడ తేలతాడో అతనికి తెలుసు. ఆవిడ ముక్కు మీద వేలేసుకోలేదు. "మా ఇంట్లోనూ ఉండేవాడు లెండి ఒక మహారాజు. గడియారం లేకపోయినా కొట్టు తెరిచే వేళ తెలిసేది," అంది. బండి పక్కకు తోసింది. "సీసా గది దాటకూడదని రాశారు గానీ మనిషి దాటకూడదని రాయలేదుగా. ఆ కార్డు ఇటివ్వండి."

గది తెరిచే కార్డు ఆవిడ చేతిలో పెట్టాడు.

వరండా చివర దుప్పట్ల గది. కిటికీ లేదు. గోడల పొడుగునా అరలు, మధ్యలో బల్ల, దాని మీద లాండ్రీ నుంచి వేడివేడిగా వచ్చిన గలీబులూ దుప్పట్లూ కొండలా ఉన్నాయి.

"ఖాళీగా కూర్చుంటే దయ్యాలు పలకరిస్తాయి. మడవండి. అంచుకి అంచు కలవాలి."

"మేనేజరు వస్తే?"

"కొత్తగా చేరిన పనివాడంటాను. మీ అవతారం చూస్తే నమ్ముతాడు."

గలీబులు సులువే. దుప్పట్లు మాట వినలేదు. ఒక కొన పట్టుకుంటే ఇంకో కొన నేల తుడిచేది. దుంగల్ని నూలు తేడా రాకుండా కోసిన చేతులు గుడ్డ దగ్గర ఓడిపోయాయి.

పన్నెండు దాటాక ఆవిడ ఎదుటి గది ఊడవడానికి వెళ్లింది. అతని ధ్యాస ఫ్రిజ్ మీదికి పోయింది. ఒక్కటంటే ఒక్కటి. తర్వాత వాసన పోవడానికి సబ్బు, పళ్లపొడి, పిల్ల రావడానికి ఇంకా యాభై నిమిషాలు. లెక్క సరిపోయింది. వరండాలోకి వచ్చాడు.

"ఫోను చచ్చిపోయిందమ్మా. చార్జరు బ్యాగులో ఉంది, ఓసారి కార్డివ్వు."

ఆవిడ అతని మొహం చూసింది. "మీరుండండి, నేను తెస్తాను."

వెళ్లి ఉత్త చేతులతో వచ్చింది. "బ్యాగులో లేదు అన్నగారూ."

ఎందుకుంటుంది? చార్జరు అతని చొక్కా జేబులోనే ఉంది. తీగ బయటికి వేలాడుతోంది. ఆవిడ దాన్ని చూసింది. ఇంకో మోపు దుప్పట్లు తెచ్చి అతని ముందు పడేసింది. "ఇవీను," అంది.

ఒంటిగంటకు అవతల తన గది తలుపు కొట్టిన చప్పుడు. ఇంకోసారి. తర్వాత లేదు. అతను దుప్పటి కొన వదలకుండా అక్కడే నిలబడిపోయాడు. తలుపు తెరవకపోతే ఆ పిల్ల ఏమనుకుంటుందో వేరే చెప్పాలా. అడుగులు మెట్ల వైపు పోతున్నాయి.

"ఆ గదాయన కోసమా అమ్మా? ఇటు రండి," అంది ఊడ్చే ఆవిడ.

కూతురు గుమ్మంలో ఆగింది. ఇంకా ఆసుపత్రి బట్టల్లోనే ఉంది. దగ్గరికి వచ్చి, రోగిని చూసినట్టు కళ్లలోకి చూసి, గట్టిగా ఊపిరి పీల్చింది. సబ్బు, ఇస్త్రీ ఆవిరి. ఇంకేం లేదు.

"గది ఉండగా ఇక్కడేంటి?"

చెప్పాడు. అక్కడితో ఆపితే సరిపోయేది. ఆపలేదు. "ఇందాక అబద్ధమాడాను. చార్జరు వంక పెట్టి కార్డడిగాను. ఈవిడ ఇవ్వలేదు. ఇచ్చుంటే తాగేవాణ్ణి."

కూతురు ఆవిడ వైపు తిరిగింది. "నిజమేనా?"

"నిజమేనమ్మా. అబద్ధమైనా సరిగ్గా ఆడలేకపోయారు, తీగ కనబడుతూనే ఉంది."

కూతురు నవ్వలేదు. "నీ అబద్ధాలు ఎప్పుడూ అమ్మా నేనే పట్టుకునేవాళ్లం," అంది. "నీ అంతట నువ్వుగా చెప్పడం ఇదే మొదటిసారి." బ్యాగు కింద పెట్టి, నేల మీద జీరాడుతున్న దుప్పటి కొన అందుకుంది.

రెండింటికి పర్మిట్ మనిషి చంకలో ఫైలుతో వచ్చాడు. "ఫ్రిజ్ ఖాళీ చెయ్యమన్నదెవరండీ?"

"మేమే," అంది కూతురు.

అతను ఎవరికీ ఊరికే దండం పెట్టే రకం కాదు. ఆ వేళ పర్మిట్ మనిషికి పెట్టాడు. ఆ రూలు రాసినవాడెవరో కనబడితే వాడికీ పెట్టేవాడు. పదింటికే సీసాలు తీసేసి ఉంటే గదిలో కడిగిన ముత్యంలా కూర్చునేవాడు. కూతురు చూసి, వాసన కడిగేసుకున్నాడనుకుని, నమ్మక, వెళ్లిపోయేది.

ఊడ్చే ఆవిడ వైపు తిరిగేసరికి ఆవిడ చెయ్యడ్డం పెట్టింది. "దండాలు తర్వాత. ముందు ఆ బొత్తి చూడండి. అన్నీ వంకరే, మళ్లీ నా ప్రాణానికే."

అతను ఆ బొత్తంతా విప్పాడు. ఒక కొన తను పట్టుకున్నాడు, రెండోది కూతురు పట్టింది. అన్నం మూడింటికి తిన్నారు.