లాసెల్స్ గారి సిక్స్త్ ఫారం

ఆ నవంబరు సాయంత్రం బడి హాల్లో లాసెల్స్ మాట్లాడుతున్నంతసేపూ హెటీ రెల్ఫ్ ఆయన బూట్లే చూస్తూ కూర్చుంది. లేత గోధుమరంగు బూట్లు, ముందుకి సన్నగా కొనదేరి ఉన్నాయి. స్కెల్‌బీ వానకీ సముద్రపు ఉప్పుగాలికీ ఒక్క చలికాలం కూడా ఆగేవి కావు. ఈ ఊరొచ్చి రెండేళ్లయినా ఇక్కడ కాళ్లకేం తొడుక్కోవాలో తెలుసుకోలేని మనిషి, హెటీ రాబోయే రెండేళ్లు ఏం చదవాలో చెబుతున్నాడు.

పదహారేళ్ల వయసులో పెద్ద పరీక్షలు రాశాక పిల్లలు మూడు సబ్జెక్టులు ఎంచుకుని మరో రెండేళ్లు చదవాలి. ఉన్న బడిలోనే సిక్స్త్ ఫారంలో చేరొచ్చు, లేదంటే రోజూ రైలెక్కి కార్లైల్‌లోని పెద్ద కాలేజీకి పోవచ్చు. మంచి మార్కులొచ్చే పిల్లలు రైలెక్కకుండా చూసుకోవడమే లాసెల్స్ ఉద్యోగం. సిక్స్త్ ఫారం అంతా ఆయన చేతి కింద ఉంది.

"ఇది మీరు చేరబోయే తరగతి కాదు. మీరు మొదలుపెట్టబోయే ప్రయాణం" అన్నాడాయన. ఆ పూట ఆయన నోట ప్రయాణం అనే మాట ఎంతగా దొర్లిందంటే, కదలకుండా కూర్చున్నవాళ్లకి కూడా కాళ్లు పీకాయి. ఇక్కడ నాయకులు తయారవుతారన్నాడు. అందుకే సిక్స్త్ ఫారం పిల్లలు యూనిఫాం మానేసి ఆఫీసు కోట్లు వేసుకోవాలన్నాడు. నాయకత్వం కోటులో ఉంటుందన్నమాట అనుకుంది హెటీ.

పక్కన వాళ్లమ్మ లొరేన్ మాత్రం నోరు కొంచెం తెరుచుకుని వింటోంది. రేవు దగ్గర గెస్ట్‌హౌస్ నడుపుకునే మనిషి. రేడియోలో వార్తలు చదివేవాళ్లలా ఎవరు మాట్లాడినా ఆమెకి గౌరవం పుట్టుకొచ్చేస్తుంది. అమ్మ ముఖం చూసి హెటీకి చిరాకేసింది. ఇంత డొల్ల మాటలకా ఈ తల ఊపడం?

కానీ సబ్జెక్టుల కాగితంలో జర్మన్ ఉంది. హెటీకి కావలసింది అదొక్కటే.

ఆ పిచ్చి ఆమెకి గెస్ట్‌హౌస్‌లోనే పట్టింది. సముద్రంలో గాలిమరలు నిలబెట్టడానికి వచ్చిన జర్మన్ మెకానిక్కులు వాళ్లింట్లో దిగేవాళ్లు. పొద్దున్నే లొరేన్ వేయించిపెట్టిన సాసేజీలు తింటూ వాళ్లలో వాళ్లు ఏదో అనుకుని నవ్వుకునేవాళ్లు. పదకొండేళ్ల హెటీ ఆ మాటల్లో ఒకటి పట్టుకుని బడిలో జర్మన్ చెప్పే మిస్ గార్‌సైడ్‌ని అడిగింది. ఈ సాసేజీలో మాంసం కన్నా రొట్టె ఎక్కువ అని దాని అర్థం. మర్నాడు పళ్లేలు తీస్తూ, నచ్చకపోతే సముద్రంలో చేపలున్నాయి, పట్టుకు తినండి అని జర్మన్‌లో అప్పజెప్పింది. ఆ వాక్యం మిస్ గార్‌సైడే కట్టిచ్చింది. మెకానిక్కులు ముందు బిత్తరపోయి, తర్వాత బల్ల చరిచి నవ్వారు. అప్పట్నుంచి ఆ భాష ఆమె సొంతమైపోయింది.

మిస్ గార్‌సైడ్ అంటే హెటీకి గౌరవం ఉందా అంటే, ఉందని చెప్పలేం. పాఠం చెప్పడంలో ఆమెకి వంక పెట్టడానికి లేదు. తరగతి బయట మాత్రం ఆ మనిషి గోడవారగా నడుస్తుంది. ఎవరైనా ఎదురొస్తే తనే ఆగి, తనే క్షమించమంటుంది. స్టాఫ్ గదిలో తన కప్పు ఎవరో వాడుకుంటే అడగలేక, ఇంటి నుంచి ఇంకో కప్పు తెచ్చుకున్న మనిషి అని పిల్లలు చెప్పుకునేవాళ్లు. యాభై దాటినావిడ అలా ముడుచుకుని తిరుగుతుంటే హెటీకి ఒళ్లు మండేది.

మార్చిలో ఒకరోజు క్లాసయ్యాక మిస్ గార్‌సైడ్ ఆమెను ఆగమంది. తలుపు వైపొకసారి చూసి, బోర్డు తుడుస్తూ, కార్లైల్ కాలేజీ కూడా ఒకసారి చూసి రమ్మంది. అక్కడ పెద్ద లైబ్రరీ ఉందనీ, తోటి పిల్లలు ఎక్కువమంది ఉంటారనీ నసిగింది. ఇక్కడ జర్మన్ ఉంది కదా మిస్ అని హెటీ అంటే, తుడిచిన చోటే మళ్లీ తుడిచింది.

"చూసి వస్తే తప్పేముంది, అంతే" అంది.

హెటీకి అర్థమైంది ఒక్కటే. ఈవిడకి తనకి పాఠం చెప్పే ఓపిక లేదు. సిక్స్త్ ఫారం జర్మన్ కష్టం, ఇంట్లో కూర్చుని ఎక్కువ చదువుకోవాలి, తప్పించుకుందామని చూస్తోంది. పెదవి విరిచి బయటికొచ్చేసింది. ఆ వారమే లాసెల్స్ దగ్గర సంతకం పెట్టింది. గణితం, చరిత్ర, జర్మన్.

లాసెల్స్ మీద నమ్మకంతో పెట్టిన సంతకం కాదది. కార్లైల్ రైలు తెల్లారగట్లే ఉంటుంది, ఆ వేళ అమ్మకి వంటింట్లో సాయం కావాలి. పైగా ఉన్నచోట ఉండిపోవడం సులువు. ఆ సంగతి తనకి తెలుసు. తెలిసి కూడా చేసినందుకు తనని కూడా కాస్త చులకనగానే చూసుకుంది.

పరీక్షలయ్యాక జులైలో, చేరబోయే పిల్లల్ని ఒకరోజు పిలిచి తరగతులు రుచి చూపించారు. జర్మన్ గదిలో మిస్ గార్‌సైడ్ లేదు. ఒంట్లో బాగా లేదన్నారు. లాసెల్స్ స్వయంగా వచ్చి బెర్లిన్ నగరం మీద ఏదో వీడియో పెట్టి, ఆ వెలుగులో ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. చివర్లో జర్మన్‌లో వీడ్కోలు చెప్పబోయి శుభోదయం చెప్పాడు. హెటీ నవ్వలేదు. నవ్వడానికి కూడా ఆ మనిషి తగడనిపించింది. ఇంటికొచ్చేసరికి అమ్మ నల్లకోటు కొని మంచం మీద పరిచి ఉంచింది. భుజాల దగ్గర కొంచెం వదులు.

"పెరుగుతావుగా" అంది లొరేన్, కోటు మీద లేని దుమ్ము దులుపుతూ.

ఆగస్టులో ఫలితాలొచ్చిన రోజు తల్లీకూతుళ్లిద్దరూ బడికి వెళ్లారు. హెటీకి అన్నీ మంచి మార్కులే. జర్మన్‌లో అయితే అంతకు పైన ఇవ్వడానికి ఇంకేమీ లేదు. హాల్లో బల్ల వెనక కూర్చున్న లాసెల్స్ లేచి చేయి కలిపి, మా బడి నక్షత్రం వచ్చిందన్నాడు. కొత్త టైంటేబుల్ చేతికిచ్చాడు. హెటీ చదివింది. గణితం, చరిత్ర, బిజినెస్ స్టడీస్.

"ఇది నాది కాదు సర్."

"నీదే. జర్మన్‌కి ముగ్గురే వచ్చారు హెటీ. ముగ్గురి కోసం ఒక టీచర్ని పెట్టలేం కదా. నీలాంటి చురుకైన పిల్లకి బిజినెస్ బ్రహ్మాండంగా ఉంటుంది."

"ముగ్గురే అని ఎప్పుడు తెలిసింది?"

ఆయన నవ్వు చెదరలేదు. పరిస్థితులు మారుతూ ఉంటాయనీ, అనుకోని మలుపులకి తట్టుకోవడమే ఈ ప్రయాణంలో మొదటి పాఠమనీ చెప్పాడు. చెబుతూనే హెటీ భుజం మీదుగా వెనక నిలబడ్డ కుర్రాడిని పలకరించేశాడు. అబద్ధం ఆడడానికి కూడా ఈ మనిషి పూర్తిగా నా వైపు తిరగలేదు అనుకుంది హెటీ.

బయటికొచ్చాక లొరేన్ మెల్లిగా, బిజినెస్ కూడా మంచిదేనేమో, మన గెస్ట్‌హౌస్‌కి పనికొస్తుందేమో అంది.

"నీకు ఆయనేం చెప్పినా మంచిదే. రేపు నన్ను కుట్లు అల్లికలు నేర్చుకోమన్నా తలూపుతావు."

లొరేన్ ముఖం ఎర్రబడింది. తర్వాత, కూతురి వైపు చూడకుండానే, "నాకు ఆయన మాటలు సగం అర్థం కావే. అర్థం కాలేదంటే నువ్వు నవ్వుతావని తలూపాను" అంది.

సరిగ్గా అప్పుడే పక్క తలుపు తోసుకుని మిస్ గార్‌సైడ్ బయటికొచ్చింది. చేతుల్లో అట్టపెట్టె, దాని నిండా నిఘంటువులు. కారు డిక్కీ తెరిచే ఉంది, లోపల అలాంటి పెట్టెలే ఇంకా ఉన్నాయి. హెటీ తిన్నగా ఆమె ముందుకెళ్లి నిలబడింది.

"మీకు తెలుసు కదా మిస్?"

మిస్ గార్‌సైడ్ పెట్టె దించలేదు. "ఫిబ్రవరిలో చెప్పారు. ఆగస్టుతో నా ఉద్యోగం అయిపోతుందని."

"ఫిబ్రవరిలో. నేను సంతకం పెట్టింది మార్చిలో."

"కార్లైల్ చూసి రమ్మన్నాను కదమ్మా."

"అది చెప్పడం కాదు."

"కాదు" అంది మిస్ గార్‌సైడ్. "కాదులే."

అప్పుడు పెట్టె దించి, ఎవరికో పాఠం అప్పజెబుతున్నట్టు మొత్తం చెప్పింది. పిల్లలకి తెలిస్తే మంచివాళ్లంతా కార్లైల్ పోతారని లాసెల్స్ నోరు విప్పొద్దన్నాడు. విప్పకపోతే, ఇంకో చోట ఉద్యోగానికి ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాసిస్తానన్నాడు. ఆమె విప్పలేదు. ఆయన రాసిచ్చాడు. సమయానికి వస్తుంది, శుభ్రంగా ఉంటుంది అని రాశాడు. పందొమ్మిదేళ్లు పిల్లలకి భాష నేర్పిన మనిషి గురించి.

హెటీకి జాలి కలగాల్సింది. కలగలేదు. బల్ల వెనక ఉన్నవాడు దగుల్బాజీ సరే, వాడి నుంచి ఎవరూ ఏమీ ఆశించరు. ఈవిడ మాత్రం, రోజూ తన ఎదురుగా నిలబడి, తను తప్పు వైపు నడుస్తుంటే బోర్డు తుడుచుకుంటూ ఉండిపోయింది. దానికి కిట్టిందేమిటి? శుభ్రంగా ఉంటుందన్న మాట. ఆ సంగతి ముఖం మీదే అనేసింది కూడా. మిస్ గార్‌సైడ్ కాదనలేదు. నిలబడి విని, కార్లైల్లో ఈ సాయంత్రం దాకా పిల్లల్ని చేర్చుకుంటారనీ, రైలు ఇందాకే వెళ్లిపోయిందనీ, తను తీసుకెళతాననీ అంది.

హెటీ తల్లి వైపు చూసింది. మధ్యాహ్నం గెస్ట్‌హౌస్‌లో కొత్తవాళ్లు దిగుతున్నారు, లొరేన్ వెళ్లక తప్పదు.

"పో. పొద్దుటి టిఫిన్లు నేను చూసుకుంటాలే" అంది లొరేన్. తర్వాత మిస్ గార్‌సైడ్‌తో, "జాగ్రత్తగా నడపండి" అని మాత్రం అంది. థాంక్స్ చెప్పలేదు.

కారు కార్లైల్ దారి పట్టింది. మలుపు తిరిగినప్పుడల్లా డిక్కీలో నిఘంటువులు అటూ ఇటూ దొర్లాయి. కాలేజీ ముందు కారాపి మిస్ గార్‌సైడ్ ఇంజను కట్టేసింది గాని, బెల్టు తీయలేదు.

"లోపలికి రండి మిస్. నా గురించి మీరు చెబితే నయం కదా."

"నేను రానమ్మా."

మళ్లీ మొదలైంది అనుకుంది హెటీ. తలుపు విసురుగా తెరిచి ఒక కాలు బయట పెట్టాక వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది.

"మేలో ఇక్కడ ఉద్యోగం అడిగాను. ఆయన రాసిచ్చిన కాగితం చూశాక వద్దన్నారు. మళ్లీ ఆ గదిలోకి వెళ్లలేను."

హెటీ ఒక క్షణం అలాగే ఆగింది. తర్వాత తలుపు మెల్లిగా వేసి ఒక్కతే లోపలికి వెళ్లింది.

అక్కడ జర్మన్ చెప్పే ఆవిడ పేరు ఆర్న్‌ట్. మార్కుల కాగితం పక్కన పెట్టేసి, ఏదో ఒకటి మాట్లాడమంది. హెటీకి తొందరలో ఏమీ తోచక సాసేజీల కథ చెప్పింది. గాలిమరల వాళ్ల తిట్లు కూడా వాళ్ల యాసలోనే చెప్పేసింది. ఆర్న్‌ట్ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేంతగా నవ్వింది. యాస రేవుది గాని, కింద వ్యాకరణం మాత్రం గట్టిగా ఉంది, ఎవరు నేర్పారని అడిగింది. హెటీ మిస్ గార్‌సైడ్ పేరు చెప్పింది. చెప్పి ఊరుకోలేదు. ఆమె గురించి ఒక కాగితం మీ దగ్గరికి వచ్చే ఉంటుంది, అది రాసినవాడికి జర్మన్‌లో శుభోదయానికీ వీడ్కోలుకీ తేడా తెలియదు అని కూడా అంది. ఆర్న్‌ట్ ఆ పేరు ఇంకోసారి అడిగి రాసుకుంది. హెటీకి సీటు ఇచ్చారు.

తిరుగుదారిలో ఏమడిగారని మిస్ గార్‌సైడ్ అడిగింది. ఇంగ్లీషులో చెప్పడం ఇష్టం లేక హెటీ జర్మన్‌లో చెప్పుకొచ్చింది. వేగంగా, కోపంగా చెబుతుంటే ఒక చోట విభక్తి తప్పింది. రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండానే మిస్ గార్‌సైడ్ సరిదిద్దింది. ఆ గొంతులో నసుగుడు లేదు. హెటీకి అరవాలనిపించింది. అరవకుండా వాక్యం మొదటి నుంచి సరిగ్గా చెప్పింది.

రేవు దగ్గరికొచ్చేసరికి వాన పట్టుకుంది. గెస్ట్‌హౌస్ కిటికీలో దీపం వెలుగుతోంది, లోపల లొరేన్ ఎవరికో గదులు చూపిస్తోంది.

"ఇంకా కోపమేనా?" అంది మిస్ గార్‌సైడ్.

"ఆ. కోపమే." హెటీ దిగి, తలుపు పట్టుకుని నిలబడింది. "టీ తాగి వెళ్లండి మిస్."

మిస్ గార్‌సైడ్ స్టీరింగ్ చూసుకుంది, వాన చూసింది, వేళ చూసుకుంది. మీ అమ్మకి ఇబ్బందేమో అంది. ఇప్పటికే ఆలస్యమైందేమో అంది. ఒక కప్పు టీకి సరేననడానికి ఈ మనిషికి ఇంత సేపు పడుతుందా అని హెటీ లోలోపల పళ్లు నూరుకుంది. వాన మెడ మీదుగా చొక్కాలోకి కారుతోంది. తలుపు మాత్రం వేయలేదు. ఆవిడ బెల్టు తీసేదాకా అలాగే తడుస్తూ నిలబడింది.