వంగని నడుము

శామీర్‌పేటలో ఆమెను అందరూ గూని మనోరమ అనేవారు. చిన్నప్పుడే పక్కకు ఒరిగిన వెన్నెముక నలభై దాటాక ముందుకు కూడా వంగిపోయింది. గట్టుకు మోచేయి ఆనిస్తే తప్ప కూర కలపలేకపోయేది. భర్త అంజయ్య పొలాలను ప్లాట్లు చేసి అమ్ముతూ, పార్టీలో తిరిగేవాడు.

రాబోయే ఎన్నికల్లో తమ వార్డు మహిళలకు రిజర్వ్ అవుతుందన్న మాట వినగానే, భార్యను పోటీకి నిలబెట్టాలని ఆమెను ఆపరేషన్‌కు తీసుకుపోయాడు.

డాక్టర్ ముందే చెప్పాడు. "నొప్పి తగ్గుతుంది, నిటారుగా నడుస్తారు. కానీ రాడ్లు వేశాక నడుము వంగదు. కింద కూర్చోవడం, కాళ్లు కడుక్కోవడం కష్టమే."

అంజయ్య చెవికి 'నిటారు' ఒక్కటే ఎక్కింది. మనోరమ అంతా విన్నది. నొప్పికి ఓర్చుకోలేక సరేనంది.

డాక్టర్ చెప్పినట్టే అయింది. చెరువుకట్ట దాకా ఆగకుండా నడవగలిగింది. కాలిగోళ్లు మాత్రం కూతురు నయన తీయాల్సి వచ్చేది. స్నానాలగదిలో పడే ఇబ్బంది కూతురికి కూడా చెప్పుకోలేదు.

"ఫోటోల మస్తుగున్నవ్," అన్నాడు అంజయ్య, ఎన్నికల పోస్టరు మీద ఆమె బొమ్మ చూసి.

ప్రచారంలో ప్రత్యర్థులు ముసలివాళ్ల కాళ్లకు మొక్కుతూ పోయారు. ఐలమ్మ అనే పెద్దామె మంచం మీద కూర్చుని పాదాలు ముందుకు చాపింది. మనోరమ నిలబడే చేతులు జోడించింది.

"నడుము సక్కగయితే పొగరెక్కిందా బిడ్డా?" అంది ఐలమ్మ.

"గది కాదవ్వా. లోపల ఇనుప కడ్డీలున్నయ్, వంగరాదు."

"ఓట్లకొచ్చి వంగరాదంటే ఎట్ల?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అంజయ్య మనోరమ చెవిలో గొణిగాడు. "జర మొక్కరాదు, అందరి ముంగట ఇజ్జత్ తీస్తున్నవ్."

మనోరమ మంచం పట్టె పట్టుకుని మోకాళ్ల మీదికి దిగింది. పాదాలు అందాయి. లేవడమే చేతకాలేదు. ఇద్దరు ఆడవాళ్లు చంకల కింద చేతులు వేసి లేపుతుంటే ఎవరో వీడియో తీశారు. సాయంత్రానికి అది అందరి ఫోన్లలోకీ వెళ్లింది. 'తనే లేవలేనామె వార్డునేం లేపుతది?' అని కింద రాశారు.

ఓడిపోయింది.

"గంత పెద్ద ఆపరేషన్ జేయిస్తే ఏం ఫాయిదా?" అన్నాడు అంజయ్య, ఇంట్లో అడుగుపెడుతూనే.

"నొప్పి తగ్గిందా అని ఒక్కనాడన్న అడిగినవా?"

"తగ్గింది గదా, డాక్టరే జెప్పిండు."

"తగ్గింది. గందుకే నువ్వు నిలవెట్టిన కాడల్లా నిలవడ్డ. ఇగ నిలవడ."

కీసర వెంచర్ గురించి ఫోను రాగానే అతను మాట్లాడుకుంటూ బయటికి వెళ్లిపోయాడు. తన చివరి మాట అతను విన్నాడో లేదో మనోరమకు తెలియదు.